క్రోక్ పార్క్‌లో గేలిక్ ఫుట్‌బాల్: స్కోరు చదవడం నుంచి టికెట్ దొరకడం దాకా

2025 జూలై 27న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో జరిగిన గేలిక్ ఫుట్‌బాల్ ఆల్ ఐర్లండ్ ఫైనల్ ఫలితం పేపర్లో ఇలా వచ్చింది: కెర్రీ 1-26, డోనెగాల్ 0-19. ఈ ఆటతో పరిచయం లేనివాళ్లు ఈ ఒక్క వరుస దగ్గరే ఆగిపోతారు. గీతకు అటూ ఇటూ ఉన్న అంకెల్ని కూడాలా, విడివిడిగా చూడాలా? కెర్రీ, డోనెగాల్ అంటే క్లబ్బులా, ఊళ్లా, జిల్లాలా? 82 వేల మంది పట్టే ఆ స్టేడియంలో ఒక్క సీటు కోసం రాత్రంతా వెబ్‌సైట్లు గాలించినా ఎందుకు దొరకదు? చదువుకో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికో డబ్లిన్ చేరిన తెలుగువాళ్లకు జూలై వచ్చేసరికి ఈ ప్రశ్నలు మొదలవుతాయి. వీధుల్లో జెండాలు, బస్సుల్లో జెర్సీలు కనిపిస్తాయి. ఆఫీసులో సోమవారమంతా అదే చర్చ. దీనికితోడు 2025లో ఆట నిబంధనలే చాలావరకు మారిపోయాయి కాబట్టి, పాతికేళ్లుగా చూస్తున్న ఐరిష్‌వాళ్లు కూడా కొన్ని సందర్భాల్లో పక్కవాళ్లను అడిగి తెలుసుకుంటున్నారు.

ఈ చిక్కుల్లో చాలావాటికి మూలం ఒకచోటే ఉంది. ఆట, స్టేడియం, టికెట్లు, వాటి మీద వచ్చే డబ్బు అన్నీ ఊరి క్లబ్బులన్నీ కలిసిన ఒక సంఘం చేతిలో ఉన్నాయి. పేరు గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, వాడుకలో జీఏఏ. 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) థర్లెస్ పట్టణంలో, హేయ్స్ హోటల్లో పుట్టింది. ఇప్పటికీ ఆటగాళ్లకు జీతం ఇవ్వదు.

స్కోరు బోర్డు మీద గీత ఎందుకు

గోల్‌పోస్టు ఇంగ్లిష్ అక్షరం హెచ్ ఆకారంలో ఉంటుంది. నిలువు కర్రల మధ్య దూరం 6.5 మీటర్లు. అడ్డకర్ర నేలకు 2.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని కింద వల, ఆ వల ముందు గోల్‌కీపర్. బంతి అడ్డకర్ర కిందనుంచి వలలోకి వెళ్తే గోల్, విలువ 3 పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి, నిలువు కర్రల మధ్యగా వెళ్తే 1 పాయింటు.

స్కోరులో మొదటి అంకె గోల్స్‌ది, రెండోది పాయింట్లది. 1-26 అంటే ఒక గోల్, ఇరవై ఆరు పాయింట్లు. మొత్తం 3+26=29. డోనెగాల్ 0-19 అంటే పందొమ్మిదే. కెర్రీ పది పాయింట్ల తేడాతో గెలిచింది.

తేడా తక్కువ ఉన్నప్పుడే కొత్తవాళ్లు పొరబడతారు. 2024 ఫైనల్ చూడండి: అర్మా 1-11, గాల్వే 0-13. పైపైన చూస్తే గాల్వే ముందున్నట్టుంటుంది. వాళ్లు పదమూడుసార్లు స్కోరు చేశారు, అర్మా పన్నెండుసార్లే. కానీ ఆ పన్నెండులో ఒకటి గోల్ కాబట్టి అర్మా లెక్క 14, గాల్వేది 13. ఒక్క పాయింటుతో కప్పు అర్మాకు వెళ్లింది. స్టేడియంలో కూర్చున్నప్పుడు మొదటి అంకెను మూడుతో హెచ్చవేసి రెండోదానికి కలపడం ఓ పది నిమిషాల్లో అలవాటైపోతుంది.

స్కోరును ముందుగా ప్రకటించేది గోల్ వెనక నిలబడే అంపైర్లు. ఒక్కో చివర ఇద్దరు, తెల్లకోట్లలో ఉంటారు. పాయింటుకు తెల్లజెండా, గోల్‌కు పచ్చజెండా ఊపుతారు. 2025 నుంచి, దూరంనుంచి తన్నే రెండు పాయింట్ల కిక్కుకు నారింజ జెండా కూడా వచ్చింది. బంతి నిలువు కర్ర లోపలనుంచి వెళ్లిందా, బయటనుంచి వెళ్లిందా అన్న అనుమానం వస్తే క్రోక్ పార్క్‌లో 2013 నుంచి హాక్ ఐ ఉంది. క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పెద్ద తెరమీద బంతి దారి గీసి చూపిస్తారు. అదీ ఎప్పుడూ నిక్కచ్చిగా ఉందని చెప్పలేం. 2022 జూలైలో గాల్వే, డెర్రీ సెమీఫైనల్లో లోపలికి వెళ్లిన బంతిని బయటికి వెళ్లినట్టు చూపించింది. విరామ సమయంలో స్కోరు సరిచేయాల్సి వచ్చింది.

చేతిలో బంతి, నాలుగు అడుగుల లెక్క

జట్టుకు 15 మంది. సీనియర్ కౌంటీ మ్యాచ్ 70 నిమిషాలు, సగానికి 35. మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, వెడల్పు 80 నుంచి 90. అంటే మామూలు ఫుట్‌బాల్ మైదానం కంటే బాగా పెద్దది. బంతి చూడటానికి వాలీబాల్‌ను పోలి ఉంటుంది కానీ బరువెక్కువ, 480 నుంచి 500 గ్రాముల దాకా ఉంటుంది.

బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కానీ పట్టుకుని నాలుగు అడుగులకు మించి వెళ్లకూడదు. ఆలోపు నేలకు కొట్టి పట్టుకోవాలి, లేదంటే పాదం మీదకు వదిలి చేతిలోకి తన్నుకోవాలి. ఇలా తన్నుకోవడమే సోలో. నేలకు వరుసగా రెండుసార్లు కొడితే ఫౌల్. సోలో ఎన్నిసార్లయినా చేయొచ్చు. అందుకే పరుగెత్తేవాడు ఒకసారి నేలకు, ఒకసారి పాదానికి మార్చి మార్చి కొడుతూ పోతాడు. తోటివాడికి చేత్తో ఇవ్వాలంటే పిడికిలితోనో అరచేత్తోనో కొట్టాలి, విసరకూడదు. పురుషుల ఆటలో నేలమీది బంతిని వంగి చేత్తో తీసుకోకూడదు, కాలి మునివేళ్లతో పైకి లేపుకోవాలి. మహిళల ఆటలో నేరుగా తీసుకోవచ్చు.

అయోమయమంతా ట్యాకిల్ దగ్గరుంది. భుజానికి భుజం తగిలించి నెట్టొచ్చు. ఎదుటివాడి చేతిలోని బంతిని తెరిచిన అరచేత్తో తట్టి పడగొట్టొచ్చు. చొక్కా లాగడం, చేయి అడ్డంగా చుట్టడం, వెనకనుంచి నెట్టడం ఫౌల్. కాగితం మీద తేలిగ్గానే ఉంది. నలుగురు చుట్టుముట్టి ఒకడి చేతిలోని బంతిని లాక్కుంటున్నప్పుడు ఏది తట్టడం, ఏది పట్టుకోవడం అన్నది రిఫరీ కంటికే వదిలేయాలి. ఒకే రకమైన ట్యాకిల్‌కు ఒకసారి ఫ్రీకిక్ వస్తుంది, ఇంకోసారి 'నాలుగు అడుగులు దాటావు' అని దెబ్బతిన్నవాడి మీదకే తీర్పు వస్తుంది. స్టాండ్లో అరుపుల్లో సగం దీనిమీదే.

కార్డులు మూడు రకాలు. పసుపు హెచ్చరిక, ఎరుపు బహిష్కరణ. మధ్యలో నల్ల కార్డు ఒకటుంది. కావాలని కాలు అడ్డుపెట్టి పడేయడం, పట్టి కిందికి లాగడం లాంటివాటికి పది నిమిషాలు బయట కూర్చోబెడతారు. ఆ పది నిమిషాలూ జట్టు 14 మందితో ఆడాలి.

జెర్సీ నంబర్లు స్థానాల్ని చెబుతాయి. 1 గోల్‌కీపర్, 2 నుంచి 7 వరకు రక్షణ, 8, 9 మధ్యలో, 10 నుంచి 15 దాడి. గేటు దగ్గర అమ్మే ప్రోగ్రాంలో జట్లను ఇదే వరుసలో ముద్రిస్తారు. కానీ దాన్ని పూర్తిగా నమ్మకూడదు. రెండ్రోజుల ముందు ప్రకటించిన జట్టులో ఆఖరి నిమిషంలో మార్పులు చేసి ప్రత్యర్థిని ఏమార్చడం మేనేజర్లకు అలవాటు. 11వ నంబరువాడు బెంచీ మీదుండి, 22 వేసుకున్నవాడు మొదటినుంచీ ఆడుతూ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. మ్యాచ్ మొదలయ్యే ముందు మైకులో చెప్పే మార్పుల్ని విని ప్రోగ్రాంలో పెన్నుతో దిద్దుకునేవాళ్లు స్టాండ్లో చాలామందే కనిపిస్తారు.

2025లో మారినవి, ఎందుకు మార్చారు

పదేళ్లకు పైగా ఆటమీద ఒకటే ఫిర్యాదు: చూడటానికి విసుగు. కారణం రక్షణ వ్యూహం. బంతి పోగానే పదిహేను మందీ వెనక్కి వచ్చి సొంత గోల్ ముందు గుంపుకట్టేవాళ్లు. దాడి చేసే జట్టు ఆ గుంపులోకి వెళ్లలేక, పోగొట్టుకోవడం ఇష్టంలేక, అడ్డంగా ఒకరికొకరు చేత్తో ఇచ్చుకుంటూ నిమిషాలు గడిపేది. 80 మీటర్ల వెడల్పున బంతి అటూ ఇటూ తిరుగుతూ ఉంటే, మిగతా సగం మైదానం ఖాళీగా పడుండేది.

డబ్లిన్‌కు వరసగా అయిదు టైటిళ్లు తెచ్చిన మాజీ మేనేజర్ జిమ్ గావిన్ నాయకత్వంలో ఒక సమీక్షా కమిటీ వేశారు. అది సూచించిన మార్పుల్ని 2024 నవంబరులో జీఏఏ ప్రత్యేక మహాసభ ప్రయోగంగా ఒప్పుకుంది. 2025 సీజనంతా ఆడి చూశాక, ఆ ఏడాది అక్టోబరులో వాటిని శాశ్వతం చేశారు. ముఖ్యమైనవి ఇవి.

గోల్ నుంచి 40 మీటర్ల దూరంలో ఒక అర్ధవలయం గీశారు. దాని మీదనుంచో బయటనుంచో తన్నిన బంతి అడ్డకర్ర పైనుంచి వెళ్తే 2 పాయింట్లు. గుంపుకట్టిన రక్షణను బయటికి రప్పించాలంటే బయటనుంచి కొడితే లాభం ఉండాలి, అదీ దీని వెనకున్న తర్కం. రెండో మార్పు ఆ తర్కానికి తోడు. ప్రతి జట్టూ ఎప్పుడూ కనీసం ముగ్గురిని ప్రత్యర్థి సగంలోనే ఉంచాలి, అంటే పదిహేను మందీ వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. మూడోది సోలో అండ్ గో. ఫౌల్‌కు గురైనవాడు రిఫరీ బంతి పెట్టించేదాకా ఆగకుండా వెంటనే సోలో చేసుకుంటూ సాగిపోవచ్చు, మొదటి నాలుగు మీటర్లు అతన్ని ఎవరూ అడ్డుకోకూడదు. గోల్‌కీపర్ తన్నే కిక్ ఔట్ కూడా ఇప్పుడు 40 మీటర్ల వలయం దాటి తీరాలి. పక్కనున్న డిఫెండర్‌కు చిన్నగా అందించి ఊపిరి పీల్చుకునే రోజులు పోయాయి. నడిమైదానంలో ఇద్దరు ముగ్గురు గాల్లోకి లేచి బంతిని అందుకునే పాత దృశ్యం మళ్లీ వచ్చింది. చాలామంది ప్రేక్షకులు డబ్బిచ్చి వచ్చేది అది చూడటానికే.

రిఫరీతో వాదిస్తేనో, ఫ్రీకిక్ త్వరగా తీసుకోనివ్వకుండా బంతి పట్టుకుని నిలబడితేనో 50 మీటర్ల శిక్ష. ఫ్రీకిక్ అంత ముందుకు జరుగుతుంది. అలా జరిగి వలయం లోపలికి వస్తే, తన్నేవాడు కావాలంటే బంతిని వలయం బయటికి తెచ్చుకుని రెండు పాయింట్లకు ప్రయత్నించొచ్చు. స్టాండ్లో కూర్చున్నవాళ్లకు 'గోల్‌కు దగ్గరగా ఫ్రీకిక్ వస్తే వెనక్కి పోతాడేంటి' అనిపించే సందర్భం ఇదే.

సమయం సంగతి. గతంలో గడియారం రిఫరీ చేతికే ఉండేది. ఎంత సమయం మిగిలిందో ప్రేక్షకులకు కచ్చితంగా తెలిసేది కాదు. ఇప్పుడు అందరికీ కనిపించే గడియారం ఉంది, ఆట ఆగినప్పుడు అదీ ఆగుతుంది, చివర్లో హూటర్ మోగుతుంది.

ఈ మార్పులతో లెక్కలెలా తారుమారవుతాయో ఒక ఊహా ఉదాహరణ. అయిదు నిమిషాలు మిగిలాయి, జట్టు నాలుగు పాయింట్లు వెనకబడింది. పాత పద్ధతిలో నాలుగుసార్లు బంతి గెలిచి నాలుగు పాయింట్లు కొట్టాలి, లేదా ఒక గోల్, ఒక పాయింటు. రెండూ కష్టం కాబట్టి చాలామంది అప్పటికే రైలు పట్టుకోవడానికి లేచేవాళ్లు. ఇప్పుడు వలయం బయటనుంచి రెండు కిక్కులు చాలు. దూరంనుంచి కొట్టగలవాడు జట్టులో ఒక్కడున్నా ఆట చివరిదాకా సాగుతుంది. 2025 ఫైనల్లో కెర్రీ ఆటగాడు డేవిడ్ క్లిఫర్డ్ ఒక్కడే 9 పాయింట్లు చేశాడు. ఇక్కడ కొత్త చిక్కొకటి ఉంది. రెండు పాయింట్ల కిక్కుకు స్కోరులో ప్రత్యేక స్థానం లేదు, అదీ రెండో అంకెలోనే కలిసిపోతుంది. కాబట్టి 26 పాయింట్లంటే ఇరవై ఆరు కిక్కులన్న పాత లెక్క ఇక చెల్లదు.

వ్యతిరేకించేవాళ్ల వాదనలూ తీసిపారేయదగ్గవి కావు. గాలి వెనకనుంచి వీచే జట్టుకు 40 మీటర్ల కిక్కు తేలిక, ఎదురుగాలిలో దాదాపు అసాధ్యం. ఒక సగంలో గాలి సాయంతో వచ్చిన ఆధిక్యం ఆటగాళ్ల ప్రతిభగా చలామణీ అవుతుందన్నది మొదటి అభ్యంతరం. రెండోది గోల్ విలువ గురించి. పాయింటు రెండుకు పెరిగినప్పుడు గోల్ మూడు దగ్గరే ఉంటే ప్రమాదానికి తెగించి వలవైపు ఎవరు పోతారు? కమిటీకీ ఈ ఆలోచన రాకపోలేదు. మొదట గోల్‌కు నాలుగు పాయింట్లు ఇవ్వాలనే అనుకున్నారు. 2024 అక్టోబరులో ప్రావిన్సుల మధ్య ప్రయోగాత్మక మ్యాచులు ఆడించి చూశాక మూడుకే పరిమితం చేశారు. మొత్తమ్మీద ఆట వేగం పెరిగిందన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు.

కౌంటీ జట్టంటే ఎవరు

ఐర్లండ్ ద్వీపంలో 32 కౌంటీలు. కెర్రీ, డోనెగాల్ వాటిలో రెండు. 26 రిపబ్లిక్‌లో ఉన్నాయి, 6 బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లండ్‌లో. ఈ ఆటకు ఆ సరిహద్దు లేదు. 2024లో గెలిచిన అర్మా ఉత్తర ఐర్లండ్‌దే. 32లో కిల్కెనీ సీనియర్ ఫుట్‌బాల్ ఆడదు, అక్కడంతా కర్రతో ఆడే మరో గేలిక్ ఆట హర్లింగే. లండన్, న్యూయార్క్ జట్లు వచ్చి చేరతాయి. మొత్తం 33.

ఆటగాడు తన ఊరి క్లబ్బుకు ఆడతాడు. ఆ క్లబ్బుల్లో మెరుగైనవాళ్లు కౌంటీకి ఎంపికవుతారు. ఐపీఎల్‌లో మాదిరి వేలం లేదు, కొనుక్కోవడం లేదు. ప్రయాణ ఖర్చులు, ప్రభుత్వం ఇచ్చే చిన్నపాటి గ్రాంటు తప్ప రాబడి ఉండదు. క్లిఫర్డ్ అంతటివాడి వృత్తి టీచరుద్యోగం. ఆదివారం 82 వేల మంది ముందు ఆడినవాళ్లు సెలవు పెట్టకపోతే మంగళవారం పనిలో ఉండాలి.

ఛాంపియన్‌షిప్ ఏప్రిల్లో అల్‌స్టర్, మన్‌స్టర్, లెన్‌స్టర్, కొనాక్ట్ అనే నాలుగు ప్రావిన్సుల పోటీలతో మొదలవుతుంది. ఆ తర్వాత 16 జట్లు ఆల్ ఐర్లండ్ విజేతకిచ్చే సామ్ మగ్వైర్ కప్పుకు పోటీపడతాయి, మిగతా 17 రెండో అంచె టాల్చన్ కప్పుకు. సామ్ మగ్వైర్ కప్పును 1928 నుంచి ఇస్తున్నారు. 16 జట్లు ఎలా తలపడాలన్నది మాత్రం తరచూ మారుతుంది. 2023 నుంచి మూడేళ్లు నాలుగు గ్రూపులుండేవి. 2026కు వాటిని తీసేసి, ఒకసారి ఓడినవాళ్లకు ఇంకో అవకాశముండే నాకౌట్ పద్ధతి తెచ్చారు. క్వార్టర్ ఫైనల్స్ నుంచి వేదిక క్రోక్ పార్క్.

టికెట్ ఎందుకు దొరకదు

క్వార్టర్, సెమీఫైనల్స్ టికెట్లు టికెట్‌మాస్టర్‌లో, కొన్ని సూపర్‌వాల్యూ, సెంట్రా దుకాణాల్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. ఫైనల్ వేరు. దాని టికెట్లు బహిరంగ అమ్మకానికి రావు. జీఏఏ కేంద్ర కార్యాలయం వాటిని కౌంటీ బోర్డులకు పంచుతుంది. ఫైనల్ ఆడే రెండు కౌంటీలకు పెద్ద వాటా, మిగతా కౌంటీలకు, విదేశీ శాఖలకు, పాఠశాలలకు తలా కొంత. ఏళ్ల తరబడికి ముందే తీసుకున్న ప్రీమియం సీట్లు, బాక్సులు, సీజన్ టికెట్లు విడిగా పోతాయి. కౌంటీ బోర్డు తన వాటాను క్లబ్బులకు, క్లబ్బు తన సభ్యులకు ఇస్తుంది.

అంకెలు ఊహించుకుని చూద్దాం. ఫైనల్ చేరిన కౌంటీ బోర్డుకు 15,000 టికెట్లు వచ్చాయి. ఆటగాళ్ల కుటుంబాలు, స్పాన్సర్లు, అధికారులు, పాత ఆటగాళ్లకు 3,000 పోయాయి. మిగిలిన 12,000ను 50 క్లబ్బులకు పంచితే సగటున 240. ఒక్కో క్లబ్బులో 700 మంది సభ్యులు, ఒక్కొక్కరు రెండేసి అడిగితే కావలసినవి 1,400. అంటే దాదాపు ఆరుగురు అడిగితే ఒక్కరికి. అందుకే క్లబ్బులు లాటరీ తీస్తాయి. చిన్నపిల్లలకు ఏళ్లుగా కోచింగ్ ఇస్తున్నవాళ్లకు, గడ్డి కోసేవాళ్లకు, జెర్సీలు ఉతికేవాళ్లకు ముందు కొన్ని పక్కన పెడతాయి. ఫైనల్లో లేని కౌంటీ క్లబ్బుకైతే వచ్చేవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

ఇటీవలి ఫైనల్స్‌కు స్టాండ్ టికెట్ 100 యూరోలు, నిలబడి చూసే హిల్ 16కు 55. ఊరి వాళ్ల ఆటకు ఇంత ధరేమిటని విమర్శ ఉంది. ఆటగాళ్లు ఉచితంగా ఆడుతుంటే డబ్బెటు పోతోందన్న ప్రశ్నా దాని వెంటే వస్తుంది. ఆదాయంలో ఎక్కువ భాగం మైదానాలు, కోచింగ్ రూపంలో కౌంటీలకు, క్లబ్బులకు తిరిగి వెళ్తుందని జీఏఏ జవాబు. లెక్కలు ఏటా ప్రచురిస్తుంది. ఇక పంపిణీ గురించి: బహిరంగంగా అమ్మితే వేగంగా క్లిక్ చేసినవాడికి దొరుకుతుంది, ఏడాది పొడవునా వానలో క్లబ్బు పని చేసినవాడు బయట మిగిలిపోతాడన్నది సంఘం వాదన. సభ్యత్వం లేని అభిమాని జన్మలో ఫైనల్ చూడలేడా అన్నది అవతలి వాదన. ప్రీమియం సీట్లు డబ్బుకే దొరుకుతున్నప్పుడు మొదటి వాదన బలం కొంత తగ్గుతుందనే చెప్పాలి.

బ్లాకులో కొనడం గురించి ఒక మాట. 2021 చట్టం ప్రకారం ఐర్లండ్‌లో ఇలాంటి పెద్ద వేదికల టికెట్లను ముద్రించిన ధర కంటే ఎక్కువకు తిరిగి అమ్మడం నేరం. సోషల్ మీడియాలో 300 యూరోలకు కనిపించే టికెట్ చాలాసార్లు ఒకే టికెట్ ఫొటో పదిమందికి అమ్మిన వ్యవహారం. మొదట గేటు దాటినవాడిదే సీటు. డబ్లిన్‌లో ఉంటున్నవాళ్లకు తేలికైన దారి క్వార్టర్ ఫైనల్స్ రోజు. ఒకే టికెట్ మీద రెండు మ్యాచులు, నాలుగు కౌంటీల జనం. పిల్లలున్న తెలుగు కుటుంబాలకు ఇంకో దారీ ఉంది. దగ్గర్లోని క్లబ్బు శనివారాల్లో నడిపే చిన్నపిల్లల శిక్షణలో చేర్పిస్తే తల్లిదండ్రులకూ సభ్యత్వం వస్తుంది, లాటరీలో పేరుంటుంది.

స్టేడియం పటం, ఒక కట్టుకథ

మొత్తం సామర్థ్యం 82,300. హోగన్ స్టాండ్, ఎదురుగా క్యూసాక్ స్టాండ్, కాలువ వైపు డేవిన్ స్టాండ్. రైలు పట్టాల వైపు హిల్ 16, దాని మూలన నాలీ టెర్రస్. సెక్షన్ నంబరు 3తో మొదలైతే కింది అంచె, 7తో మొదలైతే పై అంచె. మధ్యది ప్రీమియం. ఈ ఆట మొదటిసారి చూసేవాళ్లకు పై అంచె మేలంటాను. ముఖాలు చిన్నగా కనిపిస్తాయి కానీ 40 మీటర్ల వలయం, ముగ్గురి నిబంధన, ఖాళీలు ఎలా ఏర్పడుతున్నాయన్నది పటంలా తెలుస్తుంది. కింది అంచె ముందు వరసలకు పైకప్పున్నా వాన తగులుతుంది. క్యూసాక్‌లో మధ్యాహ్నం ఎండ కళ్లలో పడుతుంది, అది హోగన్ వాళ్లకు వీపు వెనక ఉంటుంది.

హోగన్ అన్నది టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ పేరు. 1920 నవంబరు 21న డబ్లిన్, టిప్పరరీ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు మైదానంలోకి వచ్చి కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు, వాళ్లలో హోగన్ ఒకడు. ఇంగ్లండ్‌లో పుట్టిన రగ్బీ, సాకర్ లాంటి ఆటల్ని ఈ మైదానంలోకి చాలాకాలం ఎందుకు రానివ్వలేదో, 2005లో నిబంధన సడలించి 2007లో ఇంగ్లండ్ రగ్బీ జట్టు ఇక్కడ ఆడినప్పుడు దేశమంతా ఎందుకు ఊపిరి బిగబట్టిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

హిల్ 16 గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. బ్రిటిష్ పాలన మీద 1916లో వచ్చిన తిరుగుబాటులో కూలిన భవనాల శిథిలాలు తెచ్చి ఆ దిబ్బ కట్టారని. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. ఆ గట్టు 1915లోనే ఉంది, మొదటి ప్రపంచయుద్ధంలో టర్కీలోని గలీపలీ దగ్గర ఐరిష్ సైనికులు పోరాడిన కొండ పేరుమీద దాన్ని హిల్ 60 అనేవాళ్లు. బ్రిటిష్ యుద్ధం పేరు తమ మైదానానికి నప్పదనుకున్నాక పేరు మారింది, కథ ఆ తర్వాత అల్లుకుంది. ఇక్కడ సీట్లు లేవు, కప్పు లేదు. 13 వేల మంది దాకా నిలబడతారు. డబ్లిన్ ఆడుతుంటే అంతా నీలమే. మిగతా స్టేడియంలో రెండు జట్ల అభిమానులు పక్కపక్కనే కూర్చుంటారు. యూరప్ సాకర్ మైదానాల్లోలా కంచెలు, వేరువేరు గేట్లు ఉండవు.

మ్యాచ్ రోజు ఎక్కడ చిక్కుకుంటారు

సిటీ మధ్యనుంచి, ఓ'కానెల్ స్ట్రీట్ దగ్గర బయల్దేరితే నడిచి 20-25 నిమిషాలు. దగ్గరి స్టేషన్ డ్రమ్‌కాండ్రా, కానలీ స్టేషన్ నుంచి కూడా నడవొచ్చు. కారు తేకండి. చుట్టూ ఇళ్ల వరసలు, పోలీసులు వీధులు మూసేస్తారు, స్టేడియంలో సామాన్యులకు పార్కింగ్ లేదు.

అసలు చిక్కు ఆఖరి అరకిలోమీటరులో ఉంది. ఒకవైపు కాలువ, ఇంకోవైపు రైలు పట్టాలు. స్టేడియం చుట్టూ తిరిగే రోడ్డు లేదు. ఏ స్టాండ్‌కు ఏ వీధినుంచి రావాలో టికెట్ మీద ఉంటుంది. జనం వెంట నడిచి అవతలి వైపు తేలితే, ఎదురొచ్చే గుంపును చీల్చుకుంటూ వెనక్కి వచ్చేసరికి పావుగంట పోతుంది. టికెట్ ఫోన్లో ఉంటుంది కాబట్టి బయల్దేరేముందే వాలెట్లో భద్రం చేసుకోవాలి. వేలమంది ఒకేచోట ఉన్నప్పుడు నెట్‌వర్క్ మొరాయిస్తుంది, గేటు దగ్గర తెరమీద చక్రం తిరుగుతూ నిలబడిపోతారు. ఏ4 కాగితం కంటే పెద్ద సంచి లోపలికి తేనివ్వరు.

మ్యాచ్ 3.30కైతే 3 గంటలకల్లా సీట్లో ఉండటం మంచిది. ఫైనల్లో రెండు జట్లూ ఆర్టేన్ బ్యాండ్ వెనక వరసగా మైదానం చుట్టూ నడుస్తాయి, తర్వాత జాతీయగీతం. ఆఖరి చరణం పూర్తికాకముందే జనం కేకలు దాన్ని మింగేస్తాయి. జూలైలోనూ ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపే ఉండొచ్చు. పలుచటి రెయిన్‌కోటు వేసుకోవాలి, గొడుగు విప్పితే వెనకవాళ్లు ఊరుకోరు.

తిరుగు ప్రయాణం బుక్ చేసేటప్పుడు సమమైతే ఏమవుతుందో కూడా లెక్కేయాలి. నాకౌట్ మ్యాచ్ సమమైతే పదేసి నిమిషాల చొప్పున రెండు సగాల అదనపు సమయం. 2024 సెమీఫైనల్లో అర్మా, కెర్రీ మ్యాచ్ అలాగే సాగింది, చివరికి అర్మా 1-18, కెర్రీ 1-16. మ్యాచ్ అయ్యాక గంటలోపు రైలు ఉంటే అది తప్పిపోయిందనే అనుకోవాలి.

క్రోక్ పార్క్ ఎవరి మైదానం, జూలై ఎందుకు

డబ్లిన్ జట్టు అధికారిక సొంత మైదానం పార్నెల్ పార్క్. కానీ ఛాంపియన్‌షిప్‌లో పెద్ద మ్యాచులన్నీ డబ్లిన్ నడిబొడ్డున ఉన్న క్రోక్ పార్క్‌లోనే ఆడుతుంది. 2022 జనగణనలో డబ్లిన్ జనాభా 14.5 లక్షల పైచిలుకు, లీట్రిమ్ జనాభా 35 వేలు. ఇద్దరూ ఒకే కప్పుకు పోటీ. 2015 నుంచి 2020 వరకు ఆరేళ్లూ డబ్లినే గెలవడంతో ఇంటి మైదానం సౌకర్యం మీద వాదన ముదిరింది. అంతమంది అభిమానులు పట్టే వేదిక ఇంకోటి లేదన్నది జవాబు. 2021 నుంచి టైరోన్, కెర్రీ, అర్మా కూడా గెలవడంతో వేడి కొంత చల్లారింది. చిన్న మైదానాల పక్షం వాళ్లు ఇప్పటికీ 2018 జూన్‌ను గుర్తుచేస్తారు. అప్పుడు మేయోతో మ్యాచ్‌ను క్రోక్ పార్క్‌కు మారుస్తామంటే కిల్డేర్ ఒప్పుకోలేదు. న్యూబ్రిడ్జ్‌లోని తమ చిన్న మైదానంలోనే ఆడతామని, లేదంటే రామని మొండికేసింది. నిర్వాహకులు దిగొచ్చారు. కిల్డేర్ 0-21, మేయో 0-19.

ఫైనల్ తేదీ మీద ఉన్న గొడవ ఇంకా తెగలేదు. దశాబ్దాలపాటు ఫైనల్ సెప్టెంబరులోనే జరిగేది. 2022 నుంచి కౌంటీల సీజన్ జూలైతో ముగించి, మిగతా ఏడాది క్లబ్బులకు ఇచ్చారు. అంతకుముందు కౌంటీ జట్టు ఎప్పుడు ఓడుతుందో తెలియక క్లబ్బు మ్యాచులు వాయిదా మీద వాయిదా పడేవి. నూటికి తొంభై మందికి పైగా ఆటగాళ్లు క్లబ్బు స్థాయివాళ్లే కాబట్టి, పెళ్లికో సెలవులకో తేదీ పెట్టుకోలేకపోయేవాళ్లు. వాళ్లకిది ఊరట. ఎదురు వాదించేవాళ్లు ఇంకో వైపు చూపిస్తారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో టీవీ, పేపర్లు సాకర్‌కు, రగ్బీకి వెళ్లిపోయాయి. మ్యాచులన్నీ కొద్ది వారాల్లోకి కుక్కడంతో నలుగురున్న కుటుంబం వారం వారం టికెట్లు, పెట్రోలు భరించలేకపోతోంది. ఖాళీ అయిన క్రోక్ పార్క్‌లో 2024 ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో కోల్డ్‌ప్లే బృందం నాలుగు రాత్రులు కచేరీ చేసింది, 2025 సెప్టెంబరు 28న అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. ఆ అద్దె కూడా క్లబ్బులకే వెళ్తుందని నిర్వాహకులు అంటారు. పదేళ్ల పిల్లాడు సెప్టెంబరులో స్కూలుకు వెళ్లి ఏ ఫైనల్ గురించి మాట్లాడుకోవాలని అవతలివాళ్లు అడుగుతారు. ఫైనల్‌ను రెండుమూడు వారాలు ఆలస్యంగా పెట్టాలన్న ప్రతిపాదన మళ్లీ మళ్లీ చర్చకు వస్తూనే ఉంది.